పన్నెండు పీకలు

ఆ శుక్రవారం పొద్దున డాక్టర్ విదాద్ వేసుకున్న పథకంలో తికమక ఏమీ లేదు. తను ఆపరేషన్ థియేటర్‌కి వెళ్తుంది. కూతురు యుస్రా విమానాశ్రయానికి వెళ్ళి పోర్చుగల్ ప్రొఫెసర్‌ని తీసుకొస్తుంది. భర్త లస్సాద్ కసాయి ముఖ్తార్‌కి ఒక్క ఫోన్ చేస్తాడు. అంతే.

గాబెస్ ఊరి పెద్దాసుపత్రిలో విదాద్ మత్తు డాక్టరు. నైజర్, మారిటానియా, లిబియాల నుంచి పన్నెండు మంది కుర్ర మత్తు డాక్టర్లు మర్నాడు శిక్షణకి వస్తున్నారు. ఈ అవకాశం తన ఊరికి రావాలని ఆవిడ ఏళ్ళ తరబడి ఎక్కని గడప లేదు. ప్రొఫెసర్ వచ్చి నేర్పే వాటిలో ముఖ్యమైనది ఒకటుంది. మత్తిచ్చాక రోగికి నోటి గుండా గొట్టం దిగకపోతే గొంతు ముందు చిన్న గాటు పెట్టి ఊపిరి అందించడం. దానికోసం తెప్పించిన రబ్బరు మెడలు ఓడరేవులో కస్టమ్స్ వాళ్ళ దగ్గర చిక్కుకుపోయాయి. గొర్రె పీక మనిషి పీకకి దగ్గరగా ఉంటుంది కనుక వాటితో గట్టెక్కాలనుకుంది.

"పన్నెండు గొర్రె పీకలండీ. రేపు పొద్దున్నే ఆసుపత్రి వెనక గేటు దగ్గర దించమనండి. ఇది చెడిందంటే వచ్చేసారి శిక్షణ ఇంకో ఊరికి పోతుంది," అంది చెప్పులేసుకుంటూ.

"పీకలే ఎందుకని అడిగితే ఏం చెప్పను?"

"డాక్టర్లు కోసుకోడానికని చెప్పండి."

లస్సాద్ లెక్కల మాస్టారు, పరమ మొహమాటస్థుడు. స్టాఫ్ రూములో తోటి పంతుళ్ళ మధ్య కూర్చుని పీకల గురించి మాట్లాడటానికి ఆయనకి సిగ్గేసింది. ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, "ముఖ్తార్ మామా, రేపటికి పన్నెండు గొర్రె..." అని చివరి మాట గొణిగాడు. అవతల కొట్లో కైమా మిషను గడగడా తిరుగుతోంది.

"పన్నెండే! ఏంటి మాస్టారూ విశేషం?"

"విదేశాల నుంచి మనుషులొస్తున్నారు మామా. యుస్రా వాళ్ళ పెద్దాయన్ని తీసుకురావడానికే వెళ్ళింది."

"ఓహో, అదా సంగతి! కోసి పంపించమంటారా?"

"అబ్బే, వద్దు వద్దు. వాళ్ళే కోసుకుంటారు. పొద్దున్నే ఆసుపత్రి వెనక గేటు దగ్గర దించితే చాలు."

ముఖ్తార్ మిషను ఆపేశాడు. పన్నెండు గొర్రెలు, పైదేశం వాళ్ళు, పెళ్ళీడు పిల్ల. ఇంతకంటే చెప్పాలా? భోజనానికి ఇంటికెళ్ళి పెళ్ళాం చెవిన వేశాడు. ఆవిడ జుట్టుకి గోరింటాకు పెట్టించుకునే చోట నలుగురికీ చెప్పింది. ఆ నలుగురిలో ఒకావిడ లస్సాద్ తల్లి జొహ్రాని పట్టుకుని, "మనవరాలి నిశ్చితార్థమటగా, అదీ ఆసుపత్రి దగ్గరేనట, మాకు చెప్పనేలేదే!" అని నిలదీసింది.

జొహ్రాకి ఒళ్ళు మండిపోయింది. అయినా తనకే తెలియదంటే పరువేం కాను? "సంబంధం చూసిందే నేను! రేపే. మీరందరూ రావాలి," అనేసింది. అన్నాక ఇక వెనక్కి తగ్గే మనిషి కాదు. కోడలికి ఫోన్ చేసి అడగడం అంతకన్నా నామోషీ. ఆ సాయంత్రమే గోధుమరవ్వతో కుస్‌కుస్ వండే పెద్ద గిన్నెలు బయటికి తీయించింది.

శనివారం పొద్దున విదాద్ వెనక గేటు తీసేసరికి, మెళ్ళో ఎర్ర రిబ్బన్లు కట్టుకున్న పన్నెండు గొర్రెలు ఆవిడకేసి చూసి మేమ్మన్నాయి. పక్కన ముఖ్తార్ ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నాడు.

"మంచివే ఏరి తెచ్చా డాక్టరమ్మా! పెళ్ళివారు మెచ్చుకోవాలి!"

"ఏ పెళ్ళివారు? నేనడిగింది పీకలు మామా!"

"ఉన్నాయిగా అమ్మా, అన్నిటికీ ఉన్నాయి!"

సరిగ్గా అప్పుడే యుస్రాతో కలిసి ప్రొఫెసర్ టెషైరా బయటికొచ్చాడు. బట్టతల, అరవై దగ్గర వయసు, మెత్తని మనిషి. గొర్రెల్ని చూడగానే ఆయన ముఖం గట్టిపడింది. "డాక్టర్, ప్రాణమున్న వాటిమీద నేను నేర్పను. ఇదే మీ ఏర్పాటైతే నా పెట్టె ఇంకా విప్పలేదు."

విదాద్ నోరు తెరిచేలోగా వ్యాను ఆగింది. జొహ్రా, ఆవిడ వెనక డోళ్ళతో ఆడవాళ్ళు బిలబిలమంటూ దిగారు. జొహ్రా తిన్నగా ప్రొఫెసర్ దగ్గరికెళ్ళి కింద నుంచి పైదాకా చూసింది.

"ఈ ముసలాడా! నీకు ఇదివరకు పెళ్ళయిందా నాయనా?"

యుస్రాకి ఏం జరుగుతోందో అంతుబట్టకపోయినా, నిన్నటి నుంచి చేస్తున్న అలవాటు కొద్దీ ప్రొఫెసర్‌కి అనువదించింది. ప్రొఫెసర్ ముచ్చటపడి, "అయింది. మా ఆవిడ కూడా మత్తు డాక్టరే, ఇద్దరు మనవలు," అంటూ ఫోటో చూపించాడు.

"ఒసేయ్ విదాద్! మనవలున్నవాడికి పిల్లనిస్తావా?" జొహ్రా కేకకి గొర్రెలు బెదిరి గేటు దాకా పరిగెత్తాయి.

"అత్తయ్యా, పిల్లనివ్వడం లేదు! పాఠం చెప్పించుకుంటున్నాం!"

విషయమంతా విడమరిచి చెప్పేసరికి విదాద్ గొంతు పోయింది. యుస్రా నవ్వాపుకోలేక గోడకి ఆనుకుంది. ఆ గోలంతా మెట్లమీద నుంచి చూస్తున్న నైజర్ డాక్టరు మైమూనా దిగి వచ్చింది.

"ప్రొఫెసర్ గారూ, మా జిల్లాకంతటికీ మత్తు డాక్టర్ని నేనొక్కదాన్నే. నేనిక్కడుంటే అక్కడ ఆపరేషన్లు ఆగిపోయినట్టే. వట్టి చేతుల్తో మాత్రం నన్ను పంపకండి."

ప్రొఫెసర్ అద్దాలు తుడుచుకుని, కోసి తెచ్చిన పీకలైతే నేర్పుతానన్నాడు. ముఖ్తార్ నెత్తి గోక్కుని, ఎలాగూ వారమంతా కోసేవే కదా, ఇవాళే కోసేస్తానన్నాడు. మాంసం దుకాణానికి, పీకలు డాక్టర్లకి. జొహ్రా అడ్డొచ్చింది. "ఒకటి నా గిన్నెలకి! ఇంతమందిని పిలిచి ఉత్త చేతుల్తో పంపుతానా? నిశ్చితార్థం కాకపోతే పోయె, పిల్లలు దూరాభారం నుంచొచ్చారు."

మధ్యాహ్నానికి పీకలొచ్చాయి. ప్రొఫెసర్ ఉత్సాహం చూడాలి! వేలితో తడిమి చోటు పట్టుకోవడం, గాటు, గొట్టం. తడబడినవాళ్ళ చేత మళ్ళీ మళ్ళీ చేయించాడు. ఆఖరికి మైమూనా కళ్ళు మూసుకుని కూడా చోటు చెప్పగలిగింది.

సాయంత్రం ఆసుపత్రి పెరట్లో విందు. డోళ్ళు తెచ్చినందుకు ఆడవాళ్ళు వాయించారు. డాక్టర్లతో పాటు ముఖ్తార్‌నీ కూర్చోబెట్టారు. "నా గొర్రెలు చదువుకున్నాయి!" అని అందరికీ చెప్పుకుంటూ పెద్ద ముక్క నోట్లో వేసుకున్నాడు. మాట మధ్యలో ఆగింది. కళ్ళు పైకి తేలాయి. రెండు చేతులూ గొంతుకి పోయాయి.

పన్నెండు మంది డాక్టర్లూ ఒక్కసారిగా లేచారు. బల్లలు కదిలాయి. మైమూనా అందరికన్నా ముందు చేరి ముఖ్తార్ గడ్డం పైకెత్తి, గొంతు మీద వేలు పెట్టి, "దొరికింది! కత్తి!" అని అరిచింది. మిగిలిన పదకొండు మందీ తలా ఒక కత్తి అందించారు.

జీవితమంతా తను చేసిన పని తన మీదికే రావడం ముఖ్తార్ చూశాడు. ఒంట్లో ఉన్న బలమంతా కూడదీసుకుని ఎంత దగ్గు దగ్గాడంటే, ముక్క ఎగిరి వెళ్ళి లస్సాద్ మజ్జిగ గ్లాసులో పడింది. జొహ్రా ఆనందం పట్టలేక నాలుక ఆడిస్తూ, శుభకార్యాల్లో పెట్టే కూత పెట్టింది. ఆడవాళ్ళంతా అందుకున్నారు.

ప్రొఫెసర్ నిదానంగా లేచాడు. "ముందు వీపు మీద చరచాలి. అది రేపటి పాఠం," అని, విదాద్ వైపు తిరిగాడు. "వచ్చే ఏడాదీ ఇక్కడే పెడదాం. ఇంత శ్రద్ధగల విద్యార్థులు నాకెక్కడా దొరకలేదు."

ఆ పూట ముఖ్తార్ ఇంక ఖర్జూరాలే తిన్నాడు, అవి కూడా గింజ తీసి, నాలుగేసి ముక్కలు చేసుకుని.