వాకిట్లో పరిచిన రాళ్ళు

ఆనందకుమార్ నోటికి హద్దు లేదు. అది పుట్టుకతో వచ్చింది, చావుతోనే పోతుంది. ఈ సంగతిలో పెంచలనరసింహానికి అనుమానమే లేదు.

నిరుడు కార్తీకంలో భార్య సీతమ్మ తద్దినానికి ఆమె తమ్ముడైన ఈ ఆనందకుమార్ ఆత్మకూరు నుంచి కొత్త కారులో వచ్చాడు. చేజర్ల పక్క పల్లె, నల్లరేగడి నేల, పైన వాన. గేటు దాటి వాకిలి సగానికి వచ్చేసరికి కారు దిగబడింది. ట్రాక్టరు కట్టి లాగుతుంటే బంధువులందరి ముందూ, "మా అక్క బతికినన్నాళ్ళూ ఈ బురదలోనే తిరిగింది. సచ్చినాకన్నా నాలుగు రాళ్ళు పరిపించకూడదా బావా?" అన్నాడు.

ఆనాటి నుంచి పెంచలనరసింహానికి బావమరిదితో మాటే లేదు. ఈ తద్దినానికి ఆ నోటితోనే "తప్పయింది బావా" అనిపించాలి. ఆయనకు మిగిలిన కోరిక అదొక్కటే.

అందుకే ఒకనాడు పొద్దున్నే కాఫీ తాగి, ఆత్మకూరు నుంచి కామయ్య మేస్త్రిని పిలిపించాడు.

"సిమెంటు పోద్దామా?"

"రేగడి గదా సామీ. ఎండకు నోరు తెరస్తది, వానకు ఉబ్బతది. సిమెంటు నిలవదు. కంకరేసి దిమ్మిస కొట్టి పేవర్ రాళ్ళు పరిస్తే, కదిలినకాడ లేపి మళ్ళీ పరచుకోవచ్చు."

"ఒకసారి పరిస్తే ఇంక చూడబళ్ళేదా?"

"ఎందుకు చూడబళ్ళేదూ? సందుల్లో ఇసక తగ్గితే చీపురుతో ఊడ్చి నింపాల. కొత్తలో అయితే రోజూ నింపాల. గడ్డి మొలిస్తే పీకాల."

"అంటే రాళ్ళు నాకు పని చెయ్యవు. నేనే రాళ్ళకు పని చెయ్యాల."

"పెళ్ళాం మాదిరే సామీ," అని నవ్వబోయిన కామయ్య, ఎదుట ఉన్నది ఎవరో గుర్తొచ్చి గబగబా టేపు తీసి కొలతల్లో పడ్డాడు.

పెంచలనరసింహం పూటంతా అరుగు మీద కూర్చొని ఆలోచించాడు. రాళ్ళు పరిస్తే ఆనందకుమార్ మాట విన్నట్టవుతుంది. పరవకపోతే ఆ మాట నిజమవుతుంది. చివరికి రెండోదే పెద్ద అవమానమని తేల్చుకొని, కానిమ్మన్నాడు.

పని ముగిసిన సాయంత్రం ఆయన గేటు దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. ఒకదాని వంపులో ఒకటి ఒదిగిన బూడిదరంగు రాళ్ళు గేటు నుంచి గడప దాకా కొండచిలువ వీపులా సాగాయి. తన ఇంట్లో ఇంత తీరైన వస్తువు ఉండగలదని ఆయన ఎన్నడూ అనుకోలేదు. చెప్పులు విడిచి, చేత్తో పట్టుకొని, దాని మీద మెల్లగా నడిచి ఇంట్లోకి పోయాడు.

పల్లెలో గట్టి నేల కనబడితే అది ఎవరిదైనా కల్లమే. ఎండాకాలంలో నాటిన ఎడగారు పంట కోతల రోజులు. మర్నాడు పక్కింటి రాహేలమ్మ వడ్ల మూటతో వచ్చి, "పెద్దాయనా, రొంత ఎండబోసుకుంటా," అంది. ఆయన మాట్లాడలేదు. వద్దనుకుంటే తిడతాడని ఊళ్ళో అందరూ ఎరుగుదురు. తిట్టలేదు గనక సరేనన్నట్టే. మధ్యాహ్నానికి వీధి వీధంతా వడ్లు మోసుకొచ్చింది. ఆయన తిట్టడానికే అరుగు మీదికి వచ్చాడు. గడప నుంచి గేటు దాకా పరుచుకున్న ఆ పసుప్పచ్చని వెలుగు చూసి, వచ్చిన పని మరిచి లోపలికి పోయాడు.

వడ్లు ఎత్తుకుపోయిన ప్రతిసారీ కాసిని గింజలు మిగిలేవి. పెంచలనరసింహం రోజూ పొద్దున్నే చీపురు పట్టి, ఇసకా గింజలూ కలిపి సందుల్లోకి ఊడ్చేవాడు. పూజ కూడా ఆయన ఎన్నడూ అంత నిష్ఠగా చేయలేదు.

కోతలయ్యాక, తద్దినానికి అక్క వెంకమ్మను పిలుచుకురావడానికి ఉదయగిరి పోయాడు. పోయిన రోజే వాన పట్టుకుంది. కొండా కోటా కనబడకుండా కురిసిన వానలో తడిసి జ్వరం తెచ్చుకున్నాడు. వెంకమ్మ కషాయాలు తాగించి, మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. కళ్ళు మూస్తే ఆయనకు రాళ్ళే కనిపించేవి. వానకు కడుక్కొని, ఆనందకుమార్ కోసం ఎదురు చూస్తున్న రాళ్ళు.

తద్దినం ముందురోజు అక్కా తమ్ముడూ ఇంటి ముందు ఆటో దిగారు. గేటుకు అడ్డంగా ముళ్ళకంప ఉంది. కంప అవతల రాళ్ళు లేవు. వంపు వంపునా గీసినట్టు, జానెడెత్తు వరినారు గడప దాకా నిలబడి గాలికి ఊగుతోంది.

వెంకమ్మ రెండు చేతులూ జోడించింది. "ఒరే నరసింహా, ఇట్టాంటి మడి నేను పుట్టినకాణ్ణించి చూళ్ళేదురా!"

కంప పక్క నుంచి రాహేలమ్మ లేచింది. "మేకలు పడతన్నాయని కంపేసినాను పెద్దాయనా. రొంత యూరియా గూడా జల్లినాను."

"నిన్నెవరు జల్లమన్నారు?"

"నువ్వు రోజూ సందుల్లోకి గింజలు ఊడస్తా ఉంటే చూసినా గదా! ఇత్తనం ఏసి ఊరికి పోయినాడు, నేనన్నా చూసుకోవాల గదా అనుకున్నా."

పెంచలనరసింహం పంచె ఎగగట్టి వంగాడు. "మొలిస్తే పీకెయ్యమన్నాడు మేస్త్రి."

"గడ్డిని పీకమన్నాడు," అంది వెంకమ్మ. "రైతు కడుపున పుట్టి, నిలబడిన పైరు పీకి పారేస్తావంట్రా?"

ఆయన చెయ్యి నారు దాకా పోయి ఆగిపోయింది.

మర్నాడు ఆనందకుమార్ కారు గేటు బయటే ఆగింది. దిగినవాడు దిగినట్టే నిలబడిపోయాడు. ఆ నోరు మూతపడడం పెంచలనరసింహం చూడడం అదే మొదలు.

"ఏంది బావా ఇది?"

"రాళ్ళు పరిపించినాను."

"రాళ్ళేవి?"

"కింద ఉండాయి."

ఆనందకుమార్ చెప్పులు విడిచాడు. ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, గొంతుకూర్చొని నారును అరచేత్తో నిమిరాడు. "మొన్నటి వానకు నా నారుమడి మొత్తం కొట్టకపోయింది బావా. ఆత్మకూరు చుట్టుపక్కల అడగని మనిషి లేడు. నాతో మాట్లాడకపోయినా, నాకోసం వాకిట్లో నారు పోసినావా? తప్పయింది బావా. నిరుడు నోరు జారినాను."

ఏడాదిగా కోరుకున్న మాట చెవిన పడింది. నీకోసం కాదంటే ఆ మాట వెనక్కి పోతుంది. ఊరుకుంటే నారు పోతుంది.

"పీక్కో," అన్నాడు పెంచలనరసింహం.

ఆనందకుమార్ పీకడం చూసి రాహేలమ్మ, "అందులో నా వడ్లూ ఉండాయి," అంటూ వచ్చింది. ఆ వానకు మునిగినవి ఒక్క ఆత్మకూరు నారుమళ్ళేనా? కాసేపటికి వడ్లు ఎండబోసిన వీధంతా వాకిట్లో గొంతుకూర్చుంది. ప్రతి మొలకా వేళ్ళతో పాటు పట్టెడు ఇసకను పైకి తెచ్చింది. తద్దినం భోజనాలయ్యేసరికి నారు లేదు, సందుల్లో ఇసకా లేదు. అడుగు పెడితే ఒక్కో రాయీ ముసలివాడి పన్నులా ఊగింది.

"అన్నీ లేపి మళ్ళీ పరవాల సామీ," అన్నాడు భోజనానికి వచ్చిన కామయ్య. "పరవమంటావా, వద్దంటావా?"

ఆయన ఏదీ తేల్చుకోకముందే, ఇంటికి పోయిన ఆనందకుమార్ ఊరుకోక, రాళ్ళ మీద వరి పండించిన బావ గురించి ఆత్మకూరంతా చెప్పాడు. ఫోన్లు పట్టుకొని జనం వచ్చారు. ఏ రకం రాళ్ళు, ఎంత ఎడం, ఏ కార్తెలో పరవాలి అని అడిగారు.

"ఆ వాకిలి సంగతి ఇంక నా కాడ ఎవురూ ఎత్తబాకండి," అని పెంచలనరసింహం తలుపు వేసుకున్నాడు. ఆ తర్వాత వెంకమ్మ అడిగినా, కామయ్య అడిగినా ఆయన నోట ఆ ఊసు రాలేదు.

ఊగే రాళ్ళను తప్పించుకొని, ఇప్పుడు ఆ ఇంటికి అందరూ పెరటి దోవనే వస్తున్నారు.