అత్తగారి చేతిలో వీరుడు

పళ్ళ డాక్టరుగారు ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. పది గంటలకు ఒక దవడపన్ను పీకాలి, మధ్యాహ్నంలోగా బావమరిది కోట పట్టుకోవాలి. ఫోనులో ఆడే ఆ యుద్ధంలో ఆయన ఇప్పటికే మూడుసార్లు ఓడారు. నాలుగోసారీ ఓడితే ఆటే మానేస్తానని ఇంటిల్లిపాది ముందూ మీసం మెలేసి మరీ చెప్పారు.

ఆట మొదట్లో సైన్యం ఉండదు, ఉండేది ఒకే ఒక్క వీరుడు. చుట్టుపక్కల దొంగల మీదికి తోలుతూ ఉంటే వాడికి బలం పెరుగుతుంది. కానీ పట్టకారు పట్టిన చేత్తో ఫోను నొక్కడం కుదరదు కదా! ముందుగదిలోని క్లినిక్కులోకి వెళ్తూ దాన్ని అత్తగారికి అప్పగించారు. శత్రువు ఆవిడ కన్నకొడుకేనన్న సంగతి మాత్రం చెప్పలేదు.

"వీణ్ణి ఖాళీగా ఉంచొద్దు అత్తయ్యా. ఒక దొంగ అవగానే ఇంకో దొంగ."

"నేను చూసుకుంటాగా, నువ్వెళ్ళు బాబూ."

పావుగంటకల్లా ఆవిడ తలుపు తోసుకుని వచ్చారు. కుర్చీలో బస్సు డ్రైవరు నోరు తెరుచుకుని ఉన్నాడు.

"ఇద్దరిని కొట్టేసరికి పాపం ప్రాణం సగమైంది బాబూ. కోటలో పడుకోబెట్టేశాను."

"పడుకోబెట్టారా! లేపండి!"

ఇంకో పావుగంటకు మళ్ళీ వచ్చారు. "లేపడానికి మనసొప్పలేదు. ఉన్న బంగారమంతా పెట్టి వంటశాల కట్టించాను."

డాక్టరుగారి పట్టకారు పక్కపన్ను మీదికి జారింది. డ్రైవరు "ఆఁ! ఆఁ!" అని కాళ్ళు కొట్టుకున్నాడు.

మూడోసారి గుమ్మంలోంచే కేక. "బాబూ, ఎవడో కోటలోకి జొరబడ్డాడు!"

"కొంప మునిగింది!" డాక్టరుగారు పట్టకారుతోనే పరుగెత్తారు. వెనకే నోట్లో దూదితో డ్రైవరూ వచ్చాడు.

వచ్చినవాడు బావమరిది వీరుడే. పొద్దున్నుంచి కొట్లాటల్లో తిరిగి తిరిగి ఊపిరి మాత్రం మిగిలింది. తిని పడుకుని లేచిన అత్తగారి వీరుడు రెండే దెబ్బలు వేశాడు. తెరమీద విజయం అని పడింది. డాక్టరుగారి సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

అంతలో ఫోను మోగింది. "బావా, మొదట్లోనే వీరుణ్ణి అలా దాచుకోవడం ఎవరు నేర్పారు నీకు?"

గొంతు గుర్తుపట్టి అత్తగారు ఫోను దగ్గరికి లాక్కున్నారు. "ఒరేయ్, వాడు నీ మనిషా? తిండీ నిద్రా లేకుండా తిప్పుతావట్రా? నిన్నిలాగే పెంచానా నేను?"

అవతలి నుంచి సన్నగా, "అయితే వీణ్ణి కూడా నువ్వే చూసుకోమ్మా" అని వినిపించింది.

ఆనాటి నుంచి రెండు కోటలూ అత్తగారే నడుపుతున్నారు. యుద్ధం మాత్రం ఇంతవరకూ రాలేదు.