డబ్బా తాలూకు మనిషి

జిల్లా ఆసుపత్రి కడుపు జబ్బుల వార్డులో మంచం మనిషికి ఇవ్వడం మానేసి, అతని శాంపిల్ డబ్బాకి ఇస్తున్నారు. జబ్బు వివరమంతా డబ్బాలోనే ఉంటుంది కాబట్టి పేషెంటు అదే. దాన్ని మోసుకొచ్చినవాడు పేషెంటు తాలూకు మనిషి.

దీనికి కారణం కొత్త యంత్రం. పేగుల్లో చేరిన బాక్టీరియా కంటికి దొరక్కపోయినా, అది తిని వదిలేసిన పదార్థాలను బట్టి యంత్రం దాని పేరు చెప్పేస్తుంది. విస్తట్లో మిగిలింది చూసి ఏ చుట్టం భోంచేసి వెళ్ళాడో చెప్పినట్టు. మనుషుల్ని అడిగితే నొప్పండీ అంటారు, ఎక్కడంటే పొట్టంతా చూపిస్తారు. డబ్బాతో ఆ ఇబ్బంది లేదు.

ఫణీంద్ర డబ్బాకి కిటికీ పక్క మంచం దొరికింది. అతనికీ హైమకీ పెళ్ళై ఇంకా నెల కాలేదు. ఆదివారం సినిమా నుంచి వస్తూ బండి మీద పుచ్చకాయ ముక్కలు కొనుక్కున్నారు. ఎంత ఎర్రగా ఉన్నాయోనని మురిసిపోయి, హైమ తన వంతు కూడా అతని నోట్లోనే పెట్టింది.

పేషెంటుకి ఒక్క తాలూకు మనిషినే ఉండనిస్తారు. పాస్ ఒకటే.

"నువ్వుండు, నేను బయట కూర్చుంటాలే," అన్నాడు ఫణీంద్ర గోడ పట్టుకుని.

"బయట నీడ లేదు. మీరుండండి. లోపల ఫ్యానుంది, మంచం కింద పడుకోవచ్చు."

"మంచి గాలొచ్చే చోట కాపురం పెట్టించావోయ్," అని నవ్వబోయి పొట్ట పట్టుకున్నాడు.

సిస్టర్ సులోచన పూటపూటా వచ్చి డబ్బాలో మందు చుక్కలు వేసేది. హైమ కిటికీ అవతల ఎండలో నిలబడి, ఊచల్లోంచి అతని చిటికెన వేలు పట్టుకునేది.

"సిస్టర్, ఆ మందు ఒక్క చుక్క ఆయన నోట్లో వెయ్యరూ?"

"తాలూకు వాళ్ళకి మందులుండవమ్మా. రిపోర్టు పేషెంటుది కదా."

"కళ్ళు లోపలికి పోయాయండీ."

"కాపలా కూర్చుంటే అంతే. పేషెంటు మాత్రం చక్కగా తేరుకుంటున్నాడు."

అది నిజమే. డబ్బా రోజురోజుకీ తేటపడుతోంది.

గురువారం పొద్దున వాచ్‌మన్ హైమని పిలిచి పాస్ చేతికిచ్చాడు. "లోపలికెళ్ళమ్మా. నీకు చోటు వచ్చింది."

ఇన్నాళ్ళకి రానిచ్చారన్న సంతోషంలో ఆమె చెప్పులు గేటు దగ్గరే వదిలేసి పరుగెత్తింది. మంచం కింద నేల అప్పుడే ఫినాయిల్‌తో తుడిచారు. ఇంకా ఆరలేదు. అతని తువ్వాలు మడిచి కిటికీలో పెట్టి ఉంది.

"ఆయనేరీ?"

సిస్టర్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "వెనక గదిలో ఉంచారు తల్లీ. ఇప్పుడు వెళ్ళకూడదు. పేషెంటుని ఒంటరిగా వదిలితే డాక్టరుగారు ఊరుకోరు."

హైమ కూర్చుంది. చాలాసేపు నేల ఆరడం చూసింది. తర్వాత ఆ తువ్వాలుతోనే డబ్బాకి విసరడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం రిపోర్టు నార్మల్ అని వచ్చింది. డాక్టరుగారు డబ్బా మూత తట్టి, "గట్టివాడివోయ్" అన్నారు. వెనక గదికి వెళ్తే తాళం వేసి ఉంది. పేషెంటు కానివాళ్ళని చూపించేది మర్నాడట.

ఇంటికి వెళ్ళే దారిలో ఆటో డ్రైవరు హైమ ఒళ్ళో ఉన్న డబ్బా వైపు చూశాడు.

"నయమైందామ్మా?"

"నార్మల్ వచ్చింది."

"మా ఆవిడదీ నార్మలే వచ్చిందమ్మా. ఇంట్లో అలమరాలో ఉంది," అన్నాడతను గతుకులు తప్పిస్తూ.

హైమ డబ్బాకి ఎండ తగలకుండా కొంగు కప్పింది.