తువాలు కింద టీ

ఆ ఆదివారం ఉదయం వీరరాఘవయ్య పెట్టుకున్న పనులు ఎక్కువేమీ లేవు. హాల్లో వరిగడ్డి మీద పోసిన రసాల మామిడికాయలను ఒకసారి తిరగేసి, మాగినవి ఏరి పక్కన పెట్టి, మధ్యాహ్నం భోంచేసి ఒక కునుకు తియ్యడం. ఆగిరిపల్లిలో ఆయన ఇల్లు పెద్దదే. కానీ వేసవి వచ్చిందంటే ఆ ఇంటి హాల్లో మనుషులకు చోటుండదు. తన తోట కాయకి ఏ వ్యాపారి చెప్పిన ధరా ఆయనకు ఆనదు. "ఇంకో పది రోజులాగితే వాళ్ళే కాళ్ళ దగ్గరికి వస్తారు" అని కోసిన కాయ కోసినట్టు ఇంటికి తోలిస్తాడు. ధర పెరిగేలోపు కాయ పండవుతుంది. పండు చుట్టాల పాలు, మిగిలింది ఈగల పాలు. మరుసటి ఏడు మళ్ళీ అదే ధీమా.

ఆ ధీమా బరువు మోసేది మాత్రం ఆయన భార్య ప్రమీలారాణి. ఆమె ముచ్చటపడి కొనుక్కున్న సోఫా, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా, గోడకు నిలబెట్టి ఉంది. ఇంటికి ఎవరొచ్చినా కుర్చీలు వరండాలోనే.

"ఏమండీ, ఇవాళ మన పెళ్ళిరోజు," అంది ఆమె గుమ్మంలో నిలబడి. లోపలికి రావడానికి దారి లేదు.

"తెలుసు. నీకోసం రెండు మంచి పళ్ళు తీసి పెట్టా."

"నాకు పళ్ళొద్దు. బెజవాడ పెద్ద హోటల్లో టీ కావాలి. సాయి ప్రియ టేబుల్ బుక్ చేసింది. మూడంతస్తుల స్టాండు మీద కేకులూ శాండ్‌విచ్‌లూ పెట్టి, కెటిల్‌తో టీ ఇస్తారట. హై టీ అంటారు."

సాయి ప్రియ వాళ్ళ కూతురు, హైదరాబాదులో ఉద్యోగం. తల్లి మాట జవదాటదు. తండ్రి మాట వినిపించుకోదు.

"టీ తాగడానికి బెజవాడ దాకానా? ఇక్కడ పాలు విరిగిపోయాయా?"

"ఇక్కడ కూర్చునే చోటేదండీ?" అంది ప్రమీలారాణి. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. వీరరాఘవయ్యకు మనసులో ఎక్కడో చివుక్కుమంది. "సరే, పద," అన్నాడు.

"అలా కాదు. అక్కడికొచ్చి కూడా ధర, టన్ను, లారీ అంటూ కూర్చుంటారు. పందెం వేద్దాం. తిరిగి ఇంటికొచ్చేదాకా మామిడి మాట ఎత్తకూడదు. దేనికీ బేరమాడకూడదు, నోటితోగానీ, చేత్తోగానీ. మీరు ఆడారో, ఈ హాలు నాది. ఇక ఎప్పుడూ ఇందులో ఒక్క కాయ పెట్టకూడదు."

"ఆ రూలు నీకూ ఉందా?"

"ఇద్దరికీ. ఎవరు ముందు ఆడితే వాళ్ళు ఓడినట్టు. నేను ఓడితే పడగ్గది కూడా మీ కాయలకిచ్చేస్తా. డాబా మీద పడుకుందాం."

వీరరాఘవయ్య పడగ్గదిలోకి తొంగి చూసి, మంచం తీసేస్తే ఎంత గడ్డి పడుతుందో అంచనా వేసుకున్నాడు. "పందెం!" అన్నాడు. నోరు కట్టుకోవడం తనకొక లెక్కా?

నిజానికి ప్రయాణంలో ఆయన్ని మెచ్చుకోవాల్సిందే. నున్న మామిడి మార్కెట్ దాటేటప్పుడు బస్సులో కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. బెజవాడ బస్టాండులో ఆటో అతను చెప్పిన డబ్బు చెప్పినట్టు ఇస్తానన్నాడు. ఆటో అతనే కంగారుపడి, "బాబాయ్, ఎక్కడికో సరిగ్గానే చెప్పారా?" అని రెండోసారి అడిగాడు.

హోటల్ చల్లగా ఉంది. మెత్తటి కుర్చీలు, స్తంభాలకు నిలువెత్తు అద్దాలు, పైన గాజు దీపాల గుత్తులు. ప్రమీలారాణి కుర్చీలో వెనక్కి వాలి హాయిగా నిట్టూర్చింది. ఎంత కాలానికి ఆ ముఖంలో ఆ తేటదనం చూశానా అనుకున్నాడు ఆయన. సరిగ్గా అప్పుడే ఇమ్మానుయేల్ అనే కుర్రాడు వచ్చాడు. ఆ టేబుల్‌కి వడ్డించేవాడు. నల్లకోటు వేసుకున్నాడు. ఎడమచేతి మీద తెల్లటి గుడ్డ మడతపెట్టి కప్పుకున్నాడు. వీరరాఘవయ్య చెవి దగ్గరికి వంగి, "మొదలుపెట్టమంటారా సార్?" అన్నాడు మెల్లగా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నూజివీడు వైపు పాతకాలపు మామిడి బేరం నోటితో సాగదు. వ్యాపారి తువాలు చేతి మీద కప్పుకుని, దగ్గరికొచ్చి, చెవి దగ్గర వంగుతాడు. తోట రైతు ఆ తువాలు కిందికి చెయ్యి పోనిచ్చి తన ధరకి లెక్కగా ఇన్ని వేళ్ళని నొక్కుతాడు. వ్యాపారీ అలాగే నొక్కి బదులు చెబుతాడు. ఎంత నొక్కాడో పక్కవాడికి తెలియదు. ముప్పయ్యేళ్ళుగా వీరరాఘవయ్య చేతికి ఒకటే తెలుసు. చేతి మీద గుడ్డతో ఒక మనిషి వంగాడంటే కిందికి వెళ్ళాలి. బుర్ర వద్దనేలోపు చెయ్యి వెళ్ళిపోయింది. ఇమ్మానుయేల్ వేళ్ళు దొరకబుచ్చుకుని నాలుగు నొక్కేసింది కూడా.

ఇమ్మానుయేల్ ఉలిక్కిపడలేదు. మంచి ట్రైనింగ్ అయినవాడు. పైగా సాయి ప్రియ ఫోన్లో, అమ్మానాన్నల పెళ్ళిరోజు, ఏదైనా సర్‌ప్రైజ్ చెయ్యండి అని చెప్పి ఉంది. పెద్దాయన భార్యకు తెలియకుండా ఇంకో నలుగుర్ని పిలిచినట్టున్నాడు, అందుకే ఇలా రహస్యంగా చెబుతున్నాడు అనుకున్నాడు.

"అర్థమైంది సార్. మేడమ్‌కి తెలియనివ్వను," అని కన్నుగీటి వెళ్ళాడు.

వీరరాఘవయ్య చెయ్యి ఒళ్ళో దాచుకున్నాడు. భార్య వైపు చూశాడు. ఆమె దీపాల గుత్తుల వైపు చూస్తోంది. బతికిపోయాననుకున్నాడు.

ఐదు నిమిషాల్లో ఇద్దరు మనుషులొచ్చి పక్క టేబుల్ తెచ్చి వీళ్ళ టేబుల్‌కి కలిపారు. నాలుగు కుర్చీలు వేశారు. ఆ తరవాత స్టాండు తరవాత స్టాండు, మొత్తం ఆరు మూడంతస్తుల స్టాండ్లు వరసగా వచ్చి నిలబడ్డాయి. కేకుల వెనక ప్రమీలారాణి సగమే కనిపించింది.

"ఇవన్నీ ఎవరికండీ?"

వీళ్ళు పొరపాటుపడ్డారని ఒక్క మాటంటే పోయేది. కానీ ఆ మాట వెనకాలే పొరపాటు ఎలా జరిగిందన్న ప్రశ్న వస్తుంది. దాని వెనకాల హాలు పోతుంది. "పెళ్ళిరోజు కదా, నలుగుర్ని పిలిచా," అన్నాడు గంభీరంగా.

"ఎవర్ని?"

"వస్తారుగా, నువ్వే చూస్తావు."

చెయ్యి కడుక్కొస్తానని లేచి, బాత్‌రూమ్ దగ్గర నిలబడి ఫోన్ తీశాడు. అప్పుడు తెలిసింది ఆయనకు, బెజవాడ చుట్టుపక్కల తనకు తెలిసినవాళ్ళంతా మామిడి వ్యాపారులేనని. ఇన్నేళ్ళలో ఈ ఊళ్ళో మామిడికి సంబంధం లేని మనిషిని ఒక్కణ్ణి కూడా సంపాదించుకోలేదు. అయినా ఆయన అధైర్యపడే మనిషి కాదు. రామకృష్ణకు ఫోన్ చేశాడు, ప్రేమ్‌చంద్‌కు ఫోన్ చేశాడు. "పని లేదండీ, మా పెళ్ళిరోజు, ఊరికే టీకి. ఇంకొకర్ని వెంటబెట్టుకుని రండి," అని ఇద్దరికీ ఒకటే మాట చెప్పాడు.

ఏ ధరకీ లొంగని తోట రైతు, మంచి సీజన్లో, స్టార్ హోటల్ నుంచి ఫోన్ చేసి, పని లేదు ఊరికే రమ్మంటే ఏ వ్యాపారి నమ్ముతాడు? కాయ కొనడానికి ఎవరో పెద్ద పార్టీ దిగిందనుకున్నాడు రామకృష్ణ. బావమరిదిని బండెక్కించుకుని ఉన్నపళంగా బయలుదేరాడు. ప్రేమ్‌చంద్ తన గుమస్తాతో వచ్చాడు. ఇద్దరూ హోటల్ గుమ్మంలోనే ఎదురుపడ్డారు. ఒకరి భుజం మీద తువాలు ఒకరు చూసుకుని, "ఓహో, వేలంపాట అన్నమాట!" అని ఎవరికి వారే అర్థం చేసుకున్నారు.

"పెళ్ళిరోజు శుభాకాంక్షలమ్మా," అంటూ రామకృష్ణ వీరరాఘవయ్యకు కుడిపక్కన కూర్చున్నాడు. ప్రేమ్‌చంద్ ఎడమపక్క కుర్చీ లాక్కున్నాడు. బావమరిదీ గుమస్తా మారుమాట్లాడకుండా కేకుల మీద పడ్డారు.

ప్రమీలారాణి కప్పులో పంచదార కలుపుతూ, "ఏమండీ, ఇది టీయా, నున్న మార్కెట్టా?" అంది.

"నేనేమన్నా అన్నానా? మంచివాళ్ళు కదాని పిలిచా."

"అనలేదు. అనకండి మరి."

రామకృష్ణ తువాలు తీసి టేబుల్ అంచున పరిచాడు. "చెయ్యివ్వండి రాఘవయ్యగారూ."

వీరరాఘవయ్య గబుక్కున కుడిచేత్తో కప్పు, ఎడమచేత్తో శాండ్‌విచ్ పట్టుకున్నాడు. "చెయ్యి ఖాళీ లేదండీ."

రామకృష్ణ ముఖం మాడిపోయింది. ఇరవై ఏళ్ళ వ్యాపారంలో చెయ్యే ఇవ్వనన్న రైతు లేడు. అంటే మాట ఎక్కడో చాలా ఎత్తులో నడుస్తోందన్నమాట. ఆయన ఇక లాభం లేదని, తువాలు వీరరాఘవయ్య మోచేతి మీద కప్పి, ముంజేతి మీదే వేళ్ళు నొక్కాడు. మంచి ధర. వీరరాఘవయ్య టీ తాగాడు.

అటు నుంచి ప్రేమ్‌చంద్ ఊరుకుంటాడా? తన తువాలు ఎడమ ముంజేతి మీద కప్పి ఇంకో వేలు ఎక్కువ నొక్కాడు. వీరరాఘవయ్య శాండ్‌విచ్ కొరికాడు. మళ్ళీ కుడిపక్క నుంచి నొక్కు. మళ్ళీ ఎడమపక్క నుంచి. రెండు చేతుల మీదా రెండు తువాళ్ళతో, కప్పు కింద పెట్టకుండా, శాండ్‌విచ్ వదలకుండా కూర్చున్న ఆయన్ని చూసి పక్క టేబుల్ వాళ్ళు ఏదో మొక్కు అనుకున్నారు. కప్పు ఖాళీ అయినప్పుడల్లా ఇమ్మానుయేల్ భక్తిగా నింపుతున్నాడు.

"ఏంటండీ ఈ పట్టుదల? నోరైనా విప్పండి," అన్నాడు ప్రేమ్‌చంద్.

"టీ బాగుందండీ," అన్నాడు వీరరాఘవయ్య.

ఆ జవాబుకి ఇద్దరూ తలో వేలు పెంచారు.

ఇప్పుడు ఆయన ముంజేతి మీద ఉన్న ధర ఆయన జన్మలో విననిది. ఒక్క చెయ్యి ఖాళీ చేస్తే చాలు, తోటంతా బంగారం. కానీ ఖాళీ చేస్తే హాలు పోతుంది. పోతే పోయిందిలే అనిపించింది ఒక క్షణం. ఆడదాని చేతిలో ఓడిపోయావని ఊరంతా నవ్వుతుందే అనిపించింది మరుక్షణం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దేవుడా, ఈ హై టీ ఎవడు కనిపెట్టాడు?

అప్పుడు ప్రమీలారాణి కప్పు కింద పెట్టింది. వేళ్ళు శుభ్రంగా తుడుచుకుంది. "రామకృష్ణన్నయ్యా, ఆ తువాలు కాస్త ఇటు జరపండి," అంది.

టేబుల్ దగ్గర కేకు నమలడం ఆగిపోయింది. ఆడవాళ్ళు తువాలు కింద చెయ్యి పెట్టడం ఆ నలుగురిలో ఎవరూ చూసి ఎరుగరు. ఆమె పుట్టిల్లు నూజివీడని, ఆమె తండ్రి నలభై ఏళ్ళు మామిడి కమీషన్ కొట్టు నడిపిన మనిషని వీరరాఘవయ్య ఎప్పుడో మరిచిపోయాడు. తువాలు కింద ఏం జరిగిందో తెలియదుగానీ రామకృష్ణ కనుబొమలు నుదుటి మీదికి పోయాయి. "అమ్మా, అంతైతే మేం బతకాలా?" అన్నాడు. ఆమె నవ్వుతూ ప్రేమ్‌చంద్ వైపు తిరిగింది. రామకృష్ణ ఆమె చెయ్యి వదల్లేదు. "సరే, సరే! ఖాయం!" అని తువాలు లాగేశాడు.

వీరరాఘవయ్య కప్పూ శాండ్‌విచ్చూ వదిలేసి ఒక్క ఉదుటున లేచాడు. "ఓడిపోయావ్!" అని అరిచాడు. హోటలంతా ఇటు తిరిగింది. "బేరమాడింది నువ్వే! పందెం నాది! పడగ్గది నిండా కాయలే!"

"కూర్చోండి," అంది ప్రమీలారాణి. "ఎదర ఆ స్తంభానికి అద్దం చూశారా? ఆ అబ్బాయి గుడ్డ కింద మీ చెయ్యి దూరడం అందులో చక్కగా కనిపించింది. నాలుగు వేళ్ళు నొక్కారా లేదా?"

ఇమ్మానుయేల్ సంతోషంగా, "అవును మేడమ్! నాలుగే! అందుకే నాలుగు కుర్చీలు వేయించా," అన్నాడు.

వీరరాఘవయ్య కూర్చున్నాడు.

"ముందు ఆడింది మీరు. అప్పుడే పందెం అయిపోయింది. అయిపోయిన పందెంలో నేనేం ఆడితే ఏంటి?"

"మరి అప్పుడే చెప్పొచ్చుగా!"

"ఎందుకు చెప్పాలి? పెళ్ళయిన ఇన్నేళ్ళలో మీరు నోరు మూసుకుని కూర్చోవడం ఇదే మొదటిసారి. ధర దానంతటదే పెరుగుతుంటే ఆపబుద్ధి కాలేదు," అంది. ఆ మాటలో మెచ్చుకోలు ఉందో వెక్కిరింత ఉందో ఆయనకు తెలియలేదు. రెండూ ఉన్నాయేమో. "అన్నయ్యా, బేరం కుదిరాక కాయ కొన్నవాళ్ళే టీ ఇప్పించాలిగా, ఆనవాయితీ!"

ఆరు స్టాండ్ల వైపు చూసి రామకృష్ణ నీరసంగా తలూపాడు. బావమరిది అప్పటికే రెండు స్టాండ్లు ఖాళీ చేశాడు.

"చెట్టు మీద కాయ ఒక్కటే కాదండోయ్," అంది ఆమె భర్తతో, పంచదార డబ్బా మూతపెడుతూ. "హాల్లో ఉన్నదీ కలిపే ఇచ్చా. సాయంత్రానికి లారీ వస్తుంది. గడ్డితో సహా."

లారీ చెప్పిన వేళకే వచ్చింది. హాలు కడిగారు. సోఫా కవరు విప్పి గోడ వారగా వేశారు. ప్రమీలారాణి అందులో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఇంట్లో కాచుకున్న టీ ఊదుకుంటూ తాగింది. హోటల్ టీ కన్నా ఇదే బాగుందంది. వీరరాఘవయ్య కాసేపు గుమ్మంలో నిలబడి, అలవాటు లేని ఆ ఖాళీని చూసి, తరవాత వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. కూర్చున్నాక తెలిసింది సోఫా మెత్తగా ఉందని. ఊళ్ళో మాత్రం, మాట్లాడకుండా ధర ఎలా పెంచాలో ఆయనే కనిపెట్టినట్టు వారం రోజులు చెప్పుకున్నాడు.

ఆ వేసవంతా ఆయనకు రసం పండు తినాలనిపించినప్పుడల్లా నూజివీడు వెళ్ళి, చెప్పిన ధరకి కొనుక్కొచ్చుకున్నాడు.