గడియారం కింద కుక్కపిల్ల

ఆ రోజు వాచీలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. నైట్ డ్యూటీ చేసి వచ్చిన భార్య సాయంత్రం దాకా నిద్రపోవాలి. ఆవిడ నిద్రపోవాలంటే కుక్కపిల్ల ఏడవకూడదు. అంతే. ఇంత చిన్న పథకంతో ఒక వీధి వీధినంతా రోడ్డున పడేయడం ఇంకొకరి వల్ల అయ్యే పని కాదు.

కుక్కపిల్లను ముందురోజే ఆయన అక్కగారు ఇచ్చి పంపింది. చూస్తే గుప్పెడు లేదు గాని, తల్లిని వదిలి వచ్చిన బెంగతో పగలంతా ఇల్లు అదిరిపోయేలా ఏడ్చింది. ఆయన భార్య ఆసుపత్రిలో నర్సు. రాత్రంతా ఒకరి జ్వరమూ ఇంకొకరి సెలైనూ చూసుకుని వచ్చే మనిషికి పగటినిద్రే నిద్ర. నిన్న అది కాస్తా మంటగలిసింది. అందుకని ఈ పొద్దున చెప్పులు విప్పుతూనే తీర్పు చెప్పేసింది.

"చూడండి, దానిమీద నాకేం పగ లేదు. కానీ ఇవాళ కూడా నిద్ర లేకపోతే రాత్రి ఎవరి ఇంజెక్షను ఎవరికి పొడుస్తానో నాకే తెలీదు. అది మళ్ళీ నా నిద్ర పాడుచేసిందో, సాయంత్రం తీసుకెళ్ళి వదినగారింట్లో దింపేసి రండి."

బడికి బయల్దేరిన కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. "నాన్నా, నేనొచ్చేసరికి ఉంటుంది కదూ?"

"ఎందుకుండదమ్మా? నేను లేనూ?" అన్నాడేగాని ఆయన గుండెల్లో రాయి పడింది. నిజం చెప్పొద్దూ, ఆ కుక్కపిల్ల మీద కూతురికన్నా ఆయనకే ప్రేమ ఎక్కువ. పైకి చెబితే చులకనైపోతానని పాపం కూతురి పేరు వాడుకుంటున్నాడు.

ఇంటి ముందుగదే ఆయన దుకాణం. దాని కిటికీలో ఒక పెద్ద లోలకం గడియారం ఉంది. జేబుల్లో ఫోన్లున్నవాళ్ళు కూడా దాన్ని చూసి తమ ఫోను తప్పేమో అనుకునేవాళ్ళే తప్ప, గడియారాన్ని శంకించిన పాపాన పోలేదు. ఎదురుగా ఉన్న బడిలో ఆయా గంట కొట్టేది దాన్ని చూసే. మూలమీద బేకరీ ఆయన పొయ్యిలోంచి రొట్టెలు తీసేదీ దాన్ని చూసే. 'నా గడియారం తప్పు' అన్న మాట వాచీలాయన నోట ఇంతవరకు వచ్చి ఎరగదు.

కుక్కపిల్ల పక్కన గడియారం పెడితే, ఆ చప్పుడు తల్లి గుండెచప్పుడనుకుని పడుకుంటుందని ఎవరో చెప్పగా విన్నాడు. ఇంకొకరైతే ఏ అలారం గడియారాన్నో తువ్వాల్లో చుట్టి పక్కన పెట్టి చేతులు దులుపుకునేవారు. ఈయన పనివాడాయె! బుట్ట తెచ్చి ఏకంగా కిటికీలో గడియారం కిందే పెట్టాడు. గడియారం నింపాదిగా "టక్... టక్..." అంది. కుక్కపిల్ల "కుయ్" అంది. ఆయన దాని గుండెకు చెవి ఆనించి కాసేపు విని, తల పంకించాడు.

"అదీ సంగతి! మీ అమ్మ గుండె ఇంత నిదానంగా ఎందుకు కొట్టుకుంటుందే పిచ్చిదానా! ఇది ఏనుగు గుండె."

లోలకం బిళ్ళను కడ్డీ మీద కాస్త పైకి జరిపాడు. చప్పుడు జోరందుకుంది. కుక్కపిల్ల చెవులు వాల్చి, ముక్కు తోకలో దూర్చుకుని పడుకుంది. మధ్యలో లేచి మళ్ళీ కుయ్యంది. ఆయన బిళ్ళను ఇంకాస్త పైకి జరిపాడు. మళ్ళీ పడుకుంది. ఆయనకు పెళ్ళిరోజున కూడా అంత సంతోషం కలిగి ఉండదు.

అసలు తిరకాసు ఎక్కడుందంటే, ఆ గడియారం ముఖం వీధికి, వీపు ఈయనకి. బిళ్ళ పైకి జరిగితే ముళ్ళు పరిగెడతాయని ఊరందరికీ చెప్పగలిగిన మనిషి, కుక్కపిల్ల నిద్ర చూసుకుంటూ ఆ ముక్క కాస్తా మరిచిపోయాడు. మధ్యాహ్నమయ్యేసరికి వీధి అంతా ఆ ముళ్ళ వెనకాలే పరిగెత్తడం మొదలుపెట్టింది.

ముందుగా బేకరీ ఆయన ఒక రొట్టె పట్టుకుని వచ్చాడు.

"ఏమండీ, ఇదేం చోద్యమండీ! వేలు పెడితే వేలు లోపలే ఉండిపోతోంది!"

"ష్! నిద్రపోతున్నారు."

బేకరీ ఆయన గొంతు తగ్గించాడు. "ఎవరూ?"

"ఇద్దరూనూ. పొయ్యి చల్లారిందేమో చూసుకోండి. గడియారం చూసే తీశారుగా, ఇంకేం తప్పుంటుంది?" అన్నాడు ఈయన. పాపం, నమ్మే అన్నాడు.

బేకరీ ఆయనా నమ్మాడు. వెళ్ళి పొయ్యి వేడి పెంచాడు. రెండో విడత రొట్టెలు పైన మాడి, లోపల పచ్చిగా వచ్చాయి. ఈలోగా సెలూన్లో గడ్డం గీయించుకుంటున్న ఓ పెద్దమనిషి కిటికీవైపు చూసి, బస్సు వెళ్ళిపోతోందని సబ్బు నురగతోనే స్టాపుకు పరిగెత్తి, రాని బస్సు కోసం ఎండలో నిలబడ్డాడు. ఆ వెంటనే ఆయా గడియారం చూసింది. లాంగ్ బెల్ కొట్టింది.

బడి గేటు తెరుచుకుంది. వచ్చిన పిల్లలు వచ్చినట్టే దుకాణం ముందు చేరారు. వాచీలాయన కూతురు అందరికన్నా ముందు లోపలికి దూరి, బుట్టలో చూసి, "ఉంది!" అని అరవబోయి రెండు చేతులతో నోరు మూసుకుంది. పిల్లల వెనక పెద్ద టీచరమ్మ, ఆవిడ వెనక పచ్చి రొట్టె, మాడు రొట్టె చెరో చేత పట్టుకుని బేకరీ ఆయన, వాళ్ళ వెనక ఎండిపోయిన నురగతో బస్సు పెద్దమనిషి. వాచీలాయన "ష్" అనడం, వాళ్ళు గొంతులు దించుకోవడం. అంత పెద్ద తగాదా గుసగుసల్లో జరగడం ఆ వీధి ఎప్పుడూ చూడలేదు.

"మీ గడియారం చూసి మా ఆయా గంట కొట్టేసింది," అంది టీచరమ్మ పళ్ళు కొరుకుతూ. "ఒకటో తరగతి పిల్లలు! తల్లులు ఇంకా రానేలేదు. ఒక్క బిడ్డ రోడ్డు మీదికి పోతే ఏ మొహం పెట్టుకుని సమాధానం చెప్పను?"

ఆయన వీధిలోకి వచ్చి గడియారం ముఖం చూశాడు. తన చేతి వాచీ చూసుకున్నాడు.

"నా గడియారం... తప్పు," అన్నాడు.

అంతమందీ ఒక అడుగు వెనక్కి వేశారు.

"దాన్ని సరిచేస్తే ఇది లేస్తుందమ్మా. ఇది లేస్తే ఏడుస్తుంది. ఏడిస్తే మా ఆవిడ లేస్తుంది. ఆవిడ లేస్తే ఇది మా ఇంట్లో ఉండదు."

"అయితే? పిల్లలకన్నా మీకు కుక్కపిల్ల ఎక్కువా?"

"కాదమ్మా," అన్నాడు. కూతురివైపు చూడకుండా లోపలికి వెళ్ళి లోలకాన్ని పట్టుకుని ఆపేశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూతురు ఆయన చొక్కా అంచు గట్టిగా పట్టుకుంది.

చప్పుడు ఆగగానే కుక్కపిల్ల తల ఎత్తింది. ఇటు చూసింది, అటు చూసింది. నోరు తెరిచింది. అంతలో ఆయన వెంటే లోపలికి వచ్చిన టీచరమ్మ వంగి, దాన్ని అమాంతం ఎత్తి గుండెకు హత్తుకుంది. కోపంతో వీధి దాటి వచ్చిన గుండె కదా, మహా జోరుమీద ఉంది. కుక్కపిల్ల కళ్ళు మూసుకుంది.

టీచరమ్మ ఇంకా తిట్టాల్సింది చాలా ఉంది. కానీ కదిలితే ఒట్టు! కాసేపటికి కోపం చల్లారి గుండె నెమ్మదించిందేమో, కుక్కపిల్ల మళ్ళీ కదిలింది.

"ఇలా ఇవ్వండి టీచరమ్మా," అన్నాడు బేకరీ ఆయన రొట్టెలు కింద పెట్టేసి. "నాకు పొద్దుట్నుంచీ దడదడలాడుతూనే ఉంది."

అలా కుక్కపిల్ల గుండెలు మారుతుండగా, పిల్లల కోసం తల్లులు ఒక్కొక్కరే వచ్చి, వాళ్ళూ మాట్లాడకుండా నిలబడిపోతుండగా, లోపలి తలుపు తెరుచుకుంది. నర్సమ్మ ఆవలిస్తూ గుమ్మంలో నిలబడింది.

"అది ఏడవలేదు!" అన్నాడు వాచీలాయన. "నీమీదొట్టు!"

"ఏడవకేం? రెండుసార్లు ఏడ్చింది, నాకు వినబడింది. అటు తిరిగి పడుకున్నాను. ఆసుపత్రిలో మంచాల మధ్య కునుకు తీసేదాన్ని, కుక్కపిల్ల ఏడిస్తే లేస్తానా?"

"మరి నిన్నా?"

"నిన్న నేనూ దానివల్లే అనుకున్నాను. ఇవాళ హాయిగా నిద్రపోయి లేచాక వెలిగింది. అది కుయ్యన్నప్పుడల్లా నా గదిలోకొచ్చి, నన్ను తట్టిలేపి, 'నువ్వు లేవకు, నేను చూసుకుంటాను' అని చెప్పి వెళ్ళిందెవరండీ?"

ఆవిడ బేకరీ ఆయన గుండెమీద ఉన్న కుక్కపిల్లను అందుకుని, కూతురి చేతుల్లో పెట్టింది.

"ఇది ఇక్కడే ఉంటుంది. పగటిపూట మిమ్మల్నే వదినగారింట్లో దింపుదామా అని ఆలోచిస్తున్నా."

ఆ మాట న్యాయంగానే ఉందని వీధి వీధంతా గుసగుసగా ఒప్పుకుంది.