ఆగ్నేయ మూలన ఓబులమ్మ

ప్రజల మొర ఆలకించడానికి చెవులుంటే చాలదు, హాలు కూడా సహకరించాలి. ఉదయగిరి వైపు ఒక ఆఫీసులో (పేరెందుకు లెండి, మళ్ళీ పనిబడి పోవాల్సినవాళ్ళం) కొత్త అర్జీల హాలు కట్టాక ఈ సత్యం బయటపడింది. అధికారి మోహన్‌కృష్ణ గారు మైకులో "పరిశీలిస్తాం" అంటే చాలు, గొంతులోని లోతైన బేస్ శబ్దం మూలలకు పోయి గుమ్ముమని తిరిగొచ్చి, తిరునాళ్ళ డీజేలాగా గుండెలదరగొట్టేది. మాట మాత్రం ఒక్కటీ అర్థమయ్యేది కాదు.

అందరికన్నా ఎక్కువ నష్టపోయింది గొర్రెలు మేపుకునే ఓబులమ్మ. గొర్రెల తొట్టికి నీళ్ళెక్కించే మోటారు కాలిపోయింది, బాగు చేయించమని ఆమె అర్జీ. "నీళ్ళు లేక గొర్రెపిల్లలు పడిపోతుండాయి సారూ!" అని మొత్తుకున్నా సారు దాకా గుమ్మనే మోతే వినబడేది.

ఆత్మకూరు నుంచి హర్ష అనే ధ్వని నిపుణుణ్ణి పిలిపించారు. అతను ఆ హాలును కంప్యూటర్లో మళ్ళీ కట్టాడు (ఇది మాత్రం అనుకున్న గడువులో పూర్తయింది). తెర మీద మూలలు ఎర్రగా వెలిగాయి. బేస్ పేరుకుపోయేది అక్కడేనట, దాన్ని పీల్చుకునే మందపాటి దిమ్మెలు పెట్టాలట. దిమ్మెలకు నిధుల్లేవన్నారు. హర్ష ఆలోచించి, గొంగళి కప్పుకున్న మనుషుల్ని కంప్యూటర్లోనే ఆ మూలల్లో కూర్చోబెట్టాడు. ఉన్ని బేస్‌ను పీల్చుకుంది, ఎరుపు ఆకుపచ్చగా మారింది.

వెంటనే ఉత్తర్వు వెలువడింది. గొంగళి గల అర్జీదారులు మూలల్లోనే ఆసీనులు కావలెను. సభ ముగియువరకు కదలరాదు. ఉక్కపోతకు కార్యాలయము బాధ్యత వహించదు. ఓబులమ్మకు ఆగ్నేయ మూల కేటాయించారు.

"ఎండాకాలం గొంగడి కప్పుకునేదేంది సారూ?"

"అది శాస్త్రం అవ్వా," అన్నాడు హర్ష.

ఆ సోమవారం హాలు బ్రహ్మాండంగా కుదిరింది. ఓబులమ్మ గోడు మొదటిసారి మాటమాటా వినబడింది. మోహన్‌కృష్ణ గారు చలించిపోయారు (నిజంగానే, నేనక్కడే ఉన్నాను). మంజూరు చేయడానికి పెన్ను తీశారు.

హర్ష ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పాడు. ఓబులమ్మను తీసేసిన హాలు అది. ఆగ్నేయం మళ్ళీ ఎర్రగా ఉంది.

"మోటారొస్తే ఈమె మళ్ళా రాదు గదా సార్."

"నేనెందుకొస్తా నాయనా? గొర్రెల్ని తోలుకోని పోతా," అంది ఓబులమ్మ సంబరంగా.

పెన్ను జేబులోకి పోయింది. విస్తృత ప్రజాప్రయోజనం దృష్ట్యా ఆమె అర్జీని శాశ్వత పరిశీలనలో ఉంచారు. (నాకు కడుపు మండిపోయింది. కడుపుమంట కంప్యూటర్లో కనబడదట.)

"వచ్చే సోమవారం రా అవ్వా," అన్నారు మోహన్‌కృష్ణ గారు.

"అందాకా గొర్రెలకేం చెప్పేది సారూ?"

ప్రతి అక్షరమూ స్పష్టంగా వినబడిందని హర్ష ధ్రువీకరించాడు.