ఒంటెగారు వచ్చిన గురువారం

ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ పులికంటే ఎక్కువగా గురువారానికి భయపడేవి. గురువారం సాయంత్రం పచ్చికొండ సేవా క్లబ్ మీటింగ్. పులి ఎదురైతే పరిగెత్తి తప్పించుకోవచ్చు. మీటింగులో వందన సమర్పణ అయ్యేదాకా కదలడానికి లేదు.

క్లబ్ అధ్యక్షుడు నెమలి నీలకంఠంగారు. ఊరి గేదె మెడలోంచి జారిపడిన గంట ఒకటి ఆయనకు దొరికింది. అది దొరికాకే ఆయనకు క్లబ్ పెట్టాలన్న బుద్ధి పుట్టిందని గిట్టనివాళ్లు అంటారు. నేనూ అదే అంటాను. కార్యదర్శి నక్క జంబుకరావు. వక్తల్ని పరిచయం చేసే పని చిలుక సుభాషిణిది.

వారానికో అతిథి వక్త రావాలి, అతిథి రాయి మీద కూర్చుని మోదుగాకుల శాలువా కప్పించుకోవాలి. నియమం ఒక్కటే, వక్త పరాయి అడవివాడై ఉండాలి. మనవాడు అతిథి ఎలా అవుతాడు? ఒక వారం కొంగ వచ్చి చేపల సంక్షేమం మీద మాట్లాడింది. ఇంకో వారం గుడ్లగూబ వచ్చి, పెందలాడే నిద్రలేవడం వల్ల లాభాలు చెబుతూ మధ్యలోనే కునికింది. చప్పట్లు మాత్రం ఇద్దరికీ గట్టిగానే పడ్డాయి.

వెనక వరసలో అడవిపంది భూషయ్య కూర్చునేవాడు. ఆ వేసవిలో అతనికి ఒకటే బెంగ. అడవి మొత్తానికీ ఉన్నది ఒక్క మడుగు, అదీ రోజురోజుకీ కుంచించుకుపోతోంది. ఇంట్లో ఐదుగురు పసిపిల్లలు. ఎండిన వాగు మలుపులో ఇసుక కింద నీళ్లున్నాయని అతని ముట్టెకు తెలుసు. అక్కడ చెలమ తవ్వాలి. ఒక్కడే తవ్వితే పక్కనుంచి ఇసుక జారి పూడిపోతోంది. ఇరవైమంది ఒక పూట కలిసి తవ్వితే చాలు.

"అధ్యక్షా, చెలమ గురించి రెండు ముక్కలు చెబుతాను," అని లేచాడు.

గంట మోగింది. "కూర్చో భూషయ్యా. ఈ వారం వక్తవి నువ్వా?"

"కాదండి. నీళ్లు అయిపోతున్నాయి..."

"నీళ్ల మీద పెద్ద నిపుణుణ్ణే పిలుస్తున్నాం. తొందరపడకు."

అన్నట్టుగానే ఇసుక దేశపు సేవా క్లబ్ నుంచి ఉత్తరం వచ్చింది. అంతర్జాతీయ వృత్తి నిపుణుల మార్పిడి. 'మా నీటి నిపుణుణ్ణి మీకు పంపుతాం. మీ నిపుణుణ్ణి పదిహేను రోజులపాటు మాకు పంపండి. వచ్చేవారికి ఏదో ఒక పని వచ్చి ఉండాలి' అని అందులో ఉంది.

జంబుకరావు అప్పటికే మూట కట్టేసుకున్నాడు. చివరి వాక్యం చదవగానే ముఖం మాడిపోయింది. "కార్యదర్శిగా చెయ్యడం పని కాదా?" అన్నాడు.

"అది పదవి అన్నయ్యా," అంది సుభాషిణి.

"మరి నా నాట్యం?" అన్నారు నీలకంఠంగారు.

"మబ్బు పడితేగానీ మీరు ఆడరు కదండీ. వాళ్లది ఎడారి."

అందరూ అందరి కాళ్లూ చూసుకున్నారు. మట్టి అంటిన కాళ్లు భూషయ్యవి మాత్రమే.

భూషయ్య ససేమిరా అన్నాడు. అతని భార్య తిరపతమ్మ ఊరుకోలేదు.

"వెళ్లిరావయ్యా."

"ఈ ఎండల్లో పిల్లల్ని వదిలేసా?"

"ఇక్కడుండి నువ్వు ఊడబొడిచేదేముంది? నువ్వు లేస్తే ఆయన గంట కొడతాడు. విదేశం వెళ్లొచ్చావనుకో, పరాయివాడివైపోతావు. అప్పుడు అతిథి రాయి మీద కూర్చోబెట్టక ఏం చేస్తారు? మడుగు ఇంకో నెల ఆగుతుంది. ఈలోగా నువ్వు వచ్చెయ్యి."

భూషయ్య పిల్లల్ని ఒక్కొక్కర్నీ ముట్టెతో నిమిరి, వెనక్కి చూస్తూ చూస్తూ బయల్దేరాడు.

తరవాతి గురువారం నీటి నిపుణుడు దిగాడు. ఒంటె సికతేశ్వరంగారు. ఒక్కరే రాలేదు, వెంట పదహారు ఒంటెల ప్రతినిధి బృందం.

నీలకంఠంగారు పొంగిపోయి, మడుగు వైపు రెక్క చాచి, "దాహం పుచ్చుకోండి. మా మడుగు మీ మడుగే అనుకోండి," అన్నారు.

ఆయన మర్యాదకు అన్నారు. ఒంటెలు నిజమే అనుకున్నాయి. పదిహేడు తలలూ ఒక్కసారే వంగాయి.

సుభాషిణి పరిచయం మొదలెట్టింది. సికతేశ్వరంగారి ముత్తాతతో మొదలై, వారి చదువు, వారి బిరుదులు, వారు తొక్కిన ఇసుక దిబ్బల పేర్లు. అవతల గుటగుట శబ్దం.

"ఓరి నాయనో, తాగేస్తున్నారు! ఆపండయ్యా!" అని తిరపతమ్మ కేక పెట్టింది.

గంట మోగింది. "పరిచయం మధ్యలో మాట్లాడకూడదమ్మా."

పరిచయం ముగిసేసరికి మడుగులోంచి కప్ప ఒకటి నడుచుకుంటూ బయటికొచ్చింది.

అప్పుడు సికతేశ్వరంగారు మూతి తుడుచుకుని నీటి పొదుపు మీద ప్రసంగించారు. "నాకు ఉపన్యాసాలు రావండీ. కనబడ్డప్పుడు కడుపునిండా తాగెయ్యడం, తరవాత చాన్నాళ్లు తాగకుండా ఉండడం. అదే నా పొదుపు. మా దేశంలో నన్ను నీళ్ల దగ్గరికి రానివ్వరు. మీరు పిలిచి మరీ చూపించారు. మీ మేలు మరిచిపోను."

చప్పట్లు మారుమోగాయి. శాలువా మూపురం దాకా వచ్చి ఆగిపోయింది.

మర్నాటి నుంచి అడవిలో అందరి నాలుకలూ పిడచకట్టుకుపోయాయి. తిరపతమ్మ దుంపలు పెకలించి పిల్లలకు రసం పిండేది. నాలుగో రోజుకి చిన్నది లేచి నిలబడలేకపోయింది.

క్లబ్ అత్యవసర సమావేశం పెట్టింది. "మనకు నీళ్లు చూపించే నిపుణుడు ఎక్కడున్నాడు?" అని నీలకంఠంగారు బొంగురు గొంతుతో అడిగారు.

"మా దేశంలో ఉన్నాడండీ," అన్నారు సికతేశ్వరంగారు. "ఎవరో విదేశీ పెద్దమనిషట. వెళ్లిన రోజే మావాళ్లు మాట్లాడమన్నారట. ఆయన చెప్పినచోట అందరూ తవ్వితే ఇసుకలో నీళ్లు పడ్డాయని గద్ద కబురు తెచ్చింది."

"ఆహా! ఏం పేరు?"

"భూషయ్యగారట."

"ఎక్కడో విన్నట్టుందే," అన్నాడు జంబుకరావు.

గద్దచేత ఆహ్వానం పంపారు. కబురు అందగానే భూషయ్య ఒకటే పరుగు. నాలుగు రోజుల దారి రెండు రోజుల్లో వచ్చి పడ్డాడు.

"రండి రండి భూషయ్యగారూ! మీలాంటివారు మా అడవికి రావడం మా అదృష్టం," అంటూ నీలకంఠంగారు ఎదురెళ్లారు. పుట్టి బుద్ధెరిగాక భూషయ్యను ఆయన మీరు అనడం అదే మొదలు. శాలువా కప్పి అతిథి రాయి మీద కూర్చోబెట్టారు. సుభాషిణి ఎండిన గొంతుతోనే, "ఖండాంతర ఖ్యాతి గడించిన..." అని అందుకుంది.

భూషయ్య కళ్లు వెనక వరసలో వెతికాయి. తిరపతమ్మ పక్కన చిన్నది ఒరిగిపోయి ఉంది. అంతే, శాలువాతోసహా రాయి మీంచి దూకి వాగు వైపు పరిగెత్తాడు.

సభ బిత్తరపోయింది. నీలకంఠంగారు గంట ఎత్తారు. అప్పుడు తిరపతమ్మ లేచి గొంతు చించుకుని అరిచింది. "ఏం చూస్తారు? విదేశాల్లో ఉపన్యాసాలు ఇలాగే ఇస్తారు! తవ్వుతూ వినాలి!"

విదేశాల్లో అన్న మాట చెవిన పడగానే క్లబ్బు క్లబ్బంతా పొలోమని పరిగెత్తింది. జంబుకరావు ముందు కాళ్లతో తవ్వితే, కుందేళ్లు వెనక కాళ్లతో ఇసుక ఎగజిమ్మాయి. పదిహేడు ఒంటెలూ గట్టు జారకుండా అడ్డంగా నిలబడ్డాయి. జంబుకరావు జీవితంలో మొదటిసారి చెమట పట్టి, జ్వరమేమోనని కంగారుపడ్డాడు. పొద్దువాలేవేళకి ఇసుక తడిసింది, ఆపైన నీళ్లు ఊరాయి.

మొదటి గుక్క చిన్నదానికి పట్టారు. అది తాగి, తుమ్మి, తండ్రి శాలువాలోంచి ఒక ఆకు లాక్కుని నమిలింది. భూషయ్య అందరి ముందూ భోరుమన్నాడు. మబ్బు లేకుండానే నీలకంఠంగారు నాట్యం చేశారు. ఆ సందడిలో గంట ఎక్కడ పడిపోయిందో ఎవరూ చూడలేదు.

కానీ గురువారానికల్లా దొరికింది. చెలమ దగ్గర 'సికతేశ్వరంగారి స్ఫూర్తితో' అని బండ మీద చెక్కించాలని తీర్మానం చేశారు. వెనక వరసలోంచి భూషయ్య లేచాడు.

"అధ్యక్షా, గట్టుకి రాళ్లు పేర్చకపోతే చెలమ మళ్లీ పూడిపోతుంది."

గంట మోగింది. "కూర్చో భూషయ్యా. నువ్వొచ్చి వారమైంది. ఇప్పుడు మనవాడివే."

భూషయ్య పక్కకు తిరిగి చూశాడు. తిరపతమ్మ అప్పటికే మూట కడుతోంది.

నీతి: మనవాళ్లకు మంచి మాట చెప్పాలనుకునేవాడు ముందుగా ప్రయాణానికి మూట కట్టుకోవాలి.